నా టికెట్టు మీద వెళ్ళిన వదిన

ప్రతి నవంబరులోనూ నేను బతికే ఉన్నానని సర్కారుకు రుజువు చేసుకోవాలి. పెన్షను తీసుకునే వాళ్ళందరికీ ఉన్న తద్దినమే ఇది. బ్యాంకులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన మిషను ఒకటి ఉంటుంది. దాని మీద వేలు పెడితే పచ్చదీపం వెలగాలి. ముప్ఫై ఆరేళ్ళు సుద్దముక్క పట్టుకున్నందుకో, అంతకంటే ఎక్కువేళ్ళు అంట్లు తోమినందుకో, నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. మొన్న బొటనవేలితో మొదలుపెట్టి వరసగా పదీ అయ్యాయి గాని దీపం వెలగలేదు. కౌంటరులో ఉన్నది మన తెలుగు పిల్లే, ఇక్కడే పుట్టి పెరిగింది. "ఆంటీ, మషీన్ మాన్‌తా నహీ. మీరున్నారని దానికి భరోసా రావట్లేదు. చెయ్యి తుడుచుకుని ఫిర్ సే పెట్టండి" అంది నవ్వుతూ. నేనూ నవ్వి, కొంగుకి చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. వెనక నిలబడ్డ పెద్దాయన, "తొందరేం లేదమ్మా, బతికుండటం కంటే మనకి వేరే పనేముంది" అన్నాడు. పదకొండో ప్రయత్నానికి దీపం వెలిగింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక మాత్రం నాకు నవ్వు రాలేదు. నేను బతికున్నానో లేదోనని సర్కారు తికమకపడటం ఇది మొదటిసారి కాదు. మొదటిసారి తప్పు మిషనుది కాదు, నాది.

సునామీ వచ్చిన ఏడాది మేము ఇదే పోర్ట్‌బ్లెయిర్‌లో, డెలానీపూర్‌లో సర్కారు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మావారు కరెంటు ఆఫీసులో పని చేసేవారు. నేను బడిలో తెలుగు, సోషలు చెప్పేదాన్ని. ఇద్దరం విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకని వచ్చి, మూడేళ్ళలో తిరిగి వెళ్ళిపోదామని పెట్టెలు కూడా పూర్తిగా విప్పకుండా రోజులు గడిపి, చివరికి ఇక్కడివాళ్ళమే అయిపోయాం. గోడకి అవతలి క్వార్టరులో ఉండే ఆవిడని నేను వదినా అనేదాన్ని. ఆవిడా నన్ను వదినా అనే పిలిచేది. ఎవరు పెద్ద అన్న పేచీ మా మధ్య ఎప్పుడూ తేలలేదు గాని, నిజానికి నేనే అయిదేళ్ళు పెద్ద. ఆవిడ భర్తని అన్నయ్యగారు అనేదాన్ని. ఆయన ఓడలు బాగుచేసే వర్కుషాపులో ఫిట్టరు. మాట తక్కువ మనిషి, గోళ్ళలో ఎప్పుడూ గ్రీజు ఉండేది. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఎండుచేపలు వేగితే మా ఇంట్లో అన్నం ఎక్కువ ఖర్చయ్యేది, అంత దగ్గర ఇళ్ళు మావి.

వదిన ఫౌజీ కూతురు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి పట్టాళంలోకి వెళ్ళి, సర్వీసు అయ్యాక ఊరికి పోలేదు. దేశం కొసన భూమి ఇస్తాం, వెళ్ళి కాపురం పెట్టండి అని మాజీ సైనికులని సర్కారు అడిగితే, భార్యనీ నాలుగేళ్ళ కూతుర్నీ తీసుకుని క్యాంప్‌బెల్ బే వెళ్ళిపోయాడు. మా దీవులన్నిటికీ దక్షిణాన ఉన్న ఆఖరి దీవి అది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడలో రెండు రోజులు. అక్కడ ఊళ్ళని కిలోమీటరు రాళ్ళ లెక్కన పిలుస్తారు. ఫలానా వాళ్ళది ముప్ఫై అయిదో కిలోమీటరు అంటే ఆ ఊరి పేరే అది. ఆ క్రమశిక్షణ అంతా కూతురికి అబ్బింది. టీవీలో జనగణమన వస్తే వదిన లేచి నిలబడటమే కాదు, ఆ పూట వాళ్ళింట్లో భోంచేస్తున్న పాపానికి మావారిని కూడా ఎంగిలిచేత్తో నిలబెట్టింది. పాట అయ్యాక, "కూర్చోండి అన్నయ్యా, చారు పోస్తాను" అంది, ఏమీ జరగనట్టు. ఇంటికొచ్చాక మావారు, ఇక ఆగస్టులోనూ జనవరిలోనూ పక్కింటికి భోజనానికి వెళ్ళకూడదని తీర్మానించారు.

ఆ డిసెంబరు మొదట్లో నాకు ఆర్డరు వచ్చింది. క్యాంప్‌బెల్ బే బడిలో ఒక టీచరు కాన్పు సెలవులో ఉన్నారు, నాలుగు నెలలు నన్ను వెళ్ళి ఆ క్లాసులు చూడమని. ఓడ టికెట్టు కూడా ఆఫీసు వాళ్ళే సర్కారీ కోటాలో తీసిచ్చారు. వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో చెప్పుకోవడానికి అప్పట్లో నా దగ్గర చాలా కారణాలుండేవి. ఓడెక్కితే కడుపులో తిప్పుతుంది, మావారికి వంట రాదు, పదో తరగతి సిలబసు మిగిలిపోయింది. అసలు కారణం ఒకటే, నాకు బద్ధకం. పోర్ట్‌బ్లెయిర్ సుఖం వదులుకుని టిన్ను కప్పు బడికి ఎవరు పోతారు. తెలిసిన డాక్టరు దగ్గర కామెర్లని సర్టిఫికెట్టు రాయించుకున్నాను. అబద్ధానికి గట్టిదనం ఉండాలని చౌల్దారీ వెళ్ళి, అక్కడ కామెర్లకి పసరుమందు ఇచ్చే ముసలామె దగ్గర ఆకుపసరు కూడా తెచ్చుకుని తాగాను. వదిన నా మొహం ఎగాదిగా చూసి, "కళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి వదినా, కాస్త పసుపైనా పులుముకో" అని నవ్వింది.

నేను ఎక్కవలసిన ఓడ వెళ్ళే వారంలోనే వదిన క్యాంప్‌బెల్ బే వెళ్ళాలి. వాళ్ళమ్మ సంవత్సరీకం మార్గశిర పౌర్ణమికి వచ్చింది. ఒక్కతే కూతురు, అక్కడ తండ్రి ఒంటరిగా ఉన్నాడు. టికెట్టు మాత్రం లేదు. క్రిస్మసు ముందు ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల క్యూ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. మనుషుల బదులు సంచులు, చెప్పులు, ఇటుకరాళ్ళు నిలబడి ఉండేవి. అన్నయ్యగారు రెండు రోజులు నిలబడి ఖాళీ చేతులతో వచ్చారు. మా దీవుల్లో ఒక అలవాటు ఉండేది. ప్రయాణం మానుకున్నవాళ్ళు టికెట్టు రద్దు చేయించుకుంటే నలుగురిలో మాట పడేవాళ్ళు. ఎవరికి అవసరమో వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఆడమనిషి టికెట్టు ఆడమనిషికి, వయసు కాస్త అటూ ఇటూగా సరిపోతే చాలు. ఓడ నిచ్చెన దగ్గర తోపులాటలో పేరడిగేదెవరు. ఇది తప్పని మాలో ఎవరికీ తోచలేదు, ఇరుగుపొరుగు ధర్మం అనుకునేవాళ్ళం. నా టికెట్టు నేను వదిన చేతిలో పెట్టాను. ఆ క్షణంలో నన్ను నేను చాలా మంచిదాన్ని అనుకున్న సంగతి కూడా ఇక్కడ దాచకుండా చెప్పాలి.

జెట్టీకి నేను వెళ్ళకూడదు, కామెర్ల మనిషిని కదా. కిటికీలోంచే సాగనంపాను. నీలంరంగు చీర, భుజాన సంచి, సంచిలో నువ్వులు, దర్భలు, తండ్రికిష్టమని నేను చేసిన మాగాయి సీసా. "ఎవరైనా అడిగితే నీ పేరే చెప్తాను వదినా. టీచర్నని కూడా చెప్తాను. దారంతా నీ ఉద్యోగం నేను చేస్తాను, జీతం నువ్వు తీసుకో" అంది. అన్నయ్యగారు పెట్టె పట్టుకుని కిందికి దిగుతూ, "చలో, చలో, ఓడ ఆగదు" అన్నారు. ఆవిడ దిగువకి వెళ్ళేదాకా చూసి, నేను మంచం మీదికి చేరి వారపత్రిక తీశాను.

ఆదివారం పొద్దున్న భూమి ఊగింది. ఇళ్ళలోంచి అందరం రోడ్డు మీదకి పరుగెత్తాం. కాసేపటికి కింద జెట్టీల్లోకి సముద్రం వచ్చిందన్నారు. మా డెలానీపూర్ ఎత్తు మీద ఉంది గనక మాకు గోడలు బీటలు వారడం తప్ప ఏమీ కాలేదు. దక్షిణం నుంచి మాత్రం రెండు రోజులు ఒక్క మాట రాలేదు. ఫోన్లు లేవు. వచ్చిన మొదటి మాట వినేసరికి అది రాకపోయినా బాగుండేదనిపించింది. క్యాంప్‌బెల్ బేలో ఒడ్డునున్న ఊళ్ళు ఊళ్ళే లేవన్నారు. అన్నయ్యగారు వర్కుషాపు బట్టలతోనే వెళ్ళి జెట్టీలో కూర్చున్నారు. దక్షిణం నుంచి ఏ ఓడ వచ్చినా, దిగిన ప్రతి మనిషి మొహమూ చూసి, ఓడ ఖాళీ అయ్యాక ఇంకో ఓడ కోసం అక్కడే కూర్చునేవారు. నేను మూడో రోజు అన్నం పట్టుకెళ్తే, గిన్నె తీసుకున్నారు గాని మూత తీయలేదు.

బళ్ళన్నీ శిబిరాలయ్యాయి. టీచర్లందరినీ డ్యూటీకి పిలిచారు. నా కామెర్లు ఒక్క రోజులో తగ్గిపోయాయి. మా బడిలో వరండా చివర బల్ల వేసి నన్ను రిజిస్టరు దగ్గర కూర్చోబెట్టారు. ఓడ దిగినవాళ్ళ పేరు, ఊరు, వెంట ఎవరున్నారు, ఎవరు కనిపించడం లేదు, ఇవీ నేను రాయవలసిన గడులు. నాలుగో గడికి చోటు చాలక పక్కనున్న ఖాళీలో రాయవలసి వచ్చేది. నికోబారీలు, రాంచీవాళ్ళు, బెంగాలీలు, తమిళులు, మన తెలుగువాళ్ళు, అందరూ హిందీలోనే చెప్పేవాళ్ళు. తల్లి పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి భాషలోకి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. నేను పొద్దున ఆరింటికి వెళ్తే చీకటి పడ్డాక వచ్చేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నిన్నటిదాకా జబ్బుపడి లేచిన మనిషి, ఎంత సేవ చేస్తోందో చూడండి అని.

ఆ రోజుల్లోనే మెయిన్‌లాండ్ నుంచి సామాన్లు రావడం మొదలైంది. మేమంటే దేశానికి గుర్తుండదని మాకందరికీ లోపల ఒక కినుక. టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు మమ్మల్ని చివర్న ఒక్క ముక్కలో తేల్చేసేవారు. అలాంటిది, ఒక్కసారి దేశమంతా మా వైపు తిరిగింది. చలిదేశం వాళ్ళెవరో ఉన్ని కోట్లు, మంకీటోపీలు పంపారు. చెమటలు కక్కే ఊళ్ళో అవి చూసి శిబిరంలో వాళ్ళు ఏడుపులోనే నవ్వారు. ఎక్కడిదో పల్లెటూరి బడి నుంచి బియ్యం బస్తా వచ్చింది, పిల్లలు తలొక గుప్పెడు పోసి నింపినదట. లోపల సన్నబియ్యం, దొడ్డుబియ్యం, ఉప్పుడు బియ్యం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వండితే కొంత ఉడికింది, కొంత ఉడకలేదు. ఆ అన్నం తింటుంటే నాకు గుండె నిండిపోయింది. ఈ దేశంలో పుట్టినందుకు అంత గర్వం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. ఆ ముద్ద మింగుతున్నప్పుడే, దీనికి నేను తగను అని కూడా తెలుస్తూనే ఉండేది.

ఎందుకంటే అప్పటికి జాబితా వచ్చింది. ఆ ఓడలో క్యాంప్‌బెల్ బేకి టికెట్టు తీసుకున్నవాళ్ళ పేర్లు అన్ని శిబిరాలకీ పంపారు, బతికి వచ్చినవాళ్ళతో సరిచూసుకుని మిగిలినవాళ్ళని గల్లంతు కింద రాయడానికి. మా శిబిరానికి పెద్దగా ఉన్న బెంగాలీ ఆఫీసరు కాగితం మీద వేలు జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. "అరే దీదీ, ఇస్ మే తో ఆప్ మర్ గయీ" అన్నారు. నేను చచ్చిపోయానట, ఆ కాగితంలో నా పేరు, వయసు, ఉపాధ్యాయిని అని ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు కాసేపు నవ్వుకున్నారు, ఆ రోజుల్లో నవ్వడానికి ఏది దొరికినా వదిలేవాళ్ళం కాదు. "మీరు జబ్బు సెలవులో ఉన్నారు కదా, వెళ్ళలేదు. కాన్సిల్ కాకుండా ఉండిపోయింది, ఖాళీ సీటన్నమాట" అని ఆయనే జవాబు కూడా చెప్పి, ఎర్రసిరాతో నా పేరు కొట్టేసి, పక్కన 'ప్రయాణించలేదు' అని రాసి సంతకం పెట్టారు. నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఒక్క గీతతో నేను బతికాను, వదిన అసలు ఓడే ఎక్కలేదన్నట్టయింది.

అన్నయ్యగారు మర్నాడు ఆఫీసుకి వెళ్ళి భార్య పేరు అడిగారు. ఆ పేరున ఎవరూ ప్రయాణించలేదని చెప్పారు. ఆయన తిరిగి వచ్చేశారు. ఆ సాయంత్రం గోడ దగ్గర నేను ఆయన్ని ఆపి, నేను చెప్పేస్తాను అన్నయ్యా అన్నాను. నిజం ఒప్పుకోవాలంటే, ఆయన వద్దంటే బాగుండునని కూడా ఆశపడ్డాను.

"ఏం చెప్తావు చెల్లెమ్మా" అన్నారాయన. "సర్టిఫికెట్టు ఝూఠా అంటావా, డ్యూటీ టికెట్టు వేరేవాళ్ళకి ఇచ్చానంటావా? నౌకరీ పోద్ది. నీ నౌకరీ పోతే ఆవిడ తిరిగొస్తదా? ఛోడ్ దో."

నేను వదిలేశాను. ఆ మాట పట్టుకుని రెండు వారాలు బతికాను.

జనవరి మధ్యలో క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చిన ఓడలో వదిన వాళ్ళ నాన్న దిగారు. డెబ్భై ఏళ్ళ మనిషి, కాలికి పుండు, చేతిలో ఒక కత్తి. ఆ ఆదివారం పొద్దున్నే సంవత్సరీకానికి అరిటాకులు కోసుకురావడానికని కొండ మీది తోటకి వెళ్ళారట. కోసిన ఆకులు భుజాన వేసుకుని దిగుతుంటే కింద ఊరు లేదు. పతకాలు, పెన్షను కాగితాలు, భార్య ఫొటో, అన్నీ పోయి ఆకులు కోసిన కత్తి ఒక్కటి మిగిలింది. అల్లుడు క్వార్టరుకి రమ్మంటే రానన్నారు. ఓడలో తనతో వచ్చిన జనం శిబిరంలో ఉంటే తాను ఇంట్లో ఎలా ఉంటానని అన్నారు. అలా మా బడికి, నా బల్ల ముందుకి వచ్చారు. కూతురి పేరు చెప్పారు, నేను రాశాను. నా టికెట్టు సంగతి ఆయనకి వదిన చెప్పలేదు, అల్లుడూ చెప్పలేదు. రాసిన పేరు జాబితాతో సరిచూడటానికి వెళ్ళి తిరిగి వచ్చింది. ప్రయాణించినట్టు ఆధారం లేదు, గల్లంతు కింద చేర్చడానికి వీల్లేదు అని.

ఆయన కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది. ప్రతిరోజూ తొమ్మిదింటికి వచ్చి బల్ల ఎదురుగా బెంచీ మీద నిటారుగా కూర్చునేవారు. బెంగాలీ ఆఫీసరు వస్తే లేచి నిలబడి, "సాబ్, ఒకసారి మళ్ళీ చూడండి" అనేవారు. ఆయన మళ్ళీ చూసేవారు. ఎన్నిసార్లు చూసినా లేని పేరు ఎక్కడి నుంచి వస్తుంది. మొదట్లో ముసలాయన, నేనే జెట్టీకి వెళ్ళి దించుకున్నాను సాబ్, నీలంచీర కట్టుకుంది అని గట్టిగా చెప్పేవారు. వారం గడిచేసరికి ఆ గొంతులో గట్టిదనం పోయింది. ఒకరోజు నన్నే అడిగారు, ఆ చీర నీలమా పచ్చా అని నాకే అనుమానమొస్తోందమ్మా, అని. నేను రిజిస్టరులో పేజీ తిప్పాను.

రిపబ్లిక్ డే దగ్గరపడింది. ఈసారి ఆటపాటలు, మిఠాయిలు వద్దు, శిబిరంలో జెండా మాత్రం ఎగరెయ్యాలి అని శిబిరంలో వాళ్ళే అడిగారు. ఎవరు ఎగరెయ్యాలంటే అందరూ ఆ ఫౌజీ తాతే అన్నారు. అదేరోజు మరో సంగతి కూడా తెలిసింది. సేవ చేసినవాళ్ళకి ప్రశంసాపత్రాలు ఇస్తారు, మా శిబిరం నుంచి నా పేరు వెళ్ళింది. ముందురోజు మధ్యాహ్నం ముసలాయన జెండా మడత పెట్టడానికి నన్ను పిలిచారు. ఒక్కరివల్ల అయ్యే పని కాదది. రెండు కొసలు ఒకరు, రెండు కొసలు ఇంకొకరు పట్టుకుని, నేలకి తగలకుండా లాగి పట్టుకోవాలి, నడుమ పూలరేకులు వేసి, తాడు లాగగానే విచ్చుకునేలా కట్టాలి. ఆయన రెండు కొసలు నా చేతికిచ్చి ఎదురుగా నిలబడ్డారు. మొదటి మడత వేస్తుండగా నెమ్మదిగా అన్నారు.

"టీచరమ్మా, ఒకటడుగుతాను, ఎవులికీ సెప్పకు. మా పిల్ల ఆ రోజు నిజంగా ఒచ్చిందంతావా?"

నేను రెండో మడతకి కొసలు మార్చి పట్టుకున్నాను.

"నానే జెట్టీకెల్లి పెట్టె మోసుకొచ్చినట్టు గేపకం. మాగాయితో అన్నం తిన్నట్టు గేపకం. అయితే సర్కారు రాలేదంతంది. ముప్పై ఏళ్ళ పైనుంచీ సూస్తన్నాను, సర్కారు ఝూఠ్ నహీ బోల్తా. దానికి కాయితముంటాది. మరి నా బుర్రే సెడిపోయుంటాది. ముసిలోడ్ని, నీల్లలో అన్నీ పోయేక, పిల్ల కూడా ఉందని ఏదో ఊహించుకున్నానేమో."

దేశాన్ని నమ్మి దాని చివరి కొసన కాపురం పెట్టిన మనిషి ఆయన. దేశానికీ తన కళ్ళకీ తేడా వస్తే తన కళ్ళదే తప్పనుకుంటున్నాడు. కూతురు పోయింది, ఇప్పుడు ఆ కూతురితో గడిపిన ఆఖరి మూడు రోజులు కూడా పోతున్నాయి. వాటిని లాక్కుంటున్నది సముద్రం కాదు, నేను. అప్పుడు చెప్పాను. డ్యూటీ ఆర్డరు, దొంగ కామెర్లు, టికెట్టు, ఎర్రసిరా గీత, అన్నీ. చీర నీలమే మామయ్యగారూ, మాగాయి నేను చేసిందే అన్నాను. చెబుతూ చెబుతూ పట్టు సడలి జెండా కొస కిందికి జారబోయింది.

"ఎత్తి పట్టు" అన్నారాయన. గొంతు పెంచలేదు. నేను ఎత్తి పట్టుకున్నాను. ఆయన మిగిలిన మడతలు ఒక్కొక్కటీ వేసి, పూలు పోసి, ముడి కట్టి, మూట తలకి ఆనించుకుని బల్ల మీద పెట్టారు. తరవాత నా వైపు చూశారు.

"డ్యూటీ ఎగ్గొట్టీసేవు. ఆ తరవాత దాసీసేవు." మూట ముడి మరోసారి బిగించారు. "నాకు సెప్పి లాభమేటి? కాయితం మీద రాసి సర్కారుకియ్యి. రేపు జెండా ఎగిరీలోగా ఇయ్యి."

రాత్రి దాకా ఆగకుండా ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. మావారు చదివి, ఇది ఇస్తే ఏమవుతుందో తెలుసు కదా అన్నారు. తెలుసన్నాను. నా సంతకం కింద సాక్షి సంతకం తను పెట్టారు. పొద్దున్న శిబిరానికి వెళ్ళేసరికి ముసలాయన స్తంభం దగ్గర నిలబడి ఉన్నారు. యూనిఫారమ్‌లా కనబడేది ఆయనకి దొరికింది ఒక్కటే, చలిదేశం నుంచి వచ్చిన ఉన్ని కోటు. ఆ ఉక్కపోతలో దాని బొత్తాలన్నీ మెడదాకా పెట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నేను కాగితం బెంగాలీ ఆఫీసరు చేతికిచ్చాను. ఆయన చదివి, "దీదీ, ఆజ్ నహీ. పత్రం వచ్చేసింది, పేరు పిలుస్తారు. రేపిద్దురుగాని" అన్నారు. మంచివాడు, నా మేలు కోరే అన్నారు. ఇప్పుడే తీసుకుని తేదీ వెయ్యండి అన్నాను. ఆయన వేశారు. ముసలాయన అది చూసి, అప్పుడు తాడు లాగారు. పూలు రాలాయి. మూడువందల మంది ఏడు భాషల గొంతులతో జనగణమన పాడారు. మధ్యలో చాలా గొంతులు పూడిపోయాయి, మిగిలినవాళ్ళు అందుకుని పాడారు. ఎవరి గొంతు ఎక్కడ ఆగుతుందో పాట అక్కడ ఆగకుండా చూసుకున్నారు. నేనూ పాడాను. ఈసారి ఆ గర్వంలో నాకూ కొంచెం వాటా ఉందనిపించింది, సిగ్గుతో పాటే.

ప్రశంసాపత్రం నాకివ్వలేదు, అడగనూ లేదు. విచారణ జరిగింది, ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. శిబిరంలో చేసిన పని లెక్కలోకి తీసుకున్నారట, పోలేదు. జాబితాలో వదిన పేరు చేర్చారు. అన్నయ్యగారు ఆ కాగితం తెచ్చి గోడ మీద నుంచి నాకు చూపించి, "లిఖ్ దియా, రాసేశారు చెల్లెమ్మా" అన్నారు. అప్పుడే ఆయన ఏడవడం చూశాను. అన్ని రోజులు ఏడవలేదు. కాగితం లేనిదే ఏడవడానికి ఆయనకీ అధికారం లేదనుకున్నారేమో పాపం.

ఆ తరవాత నన్ను క్యాంప్‌బెల్ బేకి బదిలీ చేశారు. శిక్ష అన్నారు గాని, నేనే అడిగి ఉండేదాన్ని. నాలుగేళ్ళు పనిచేశాను, నిజంగానే టిన్ను కప్పు బడి, వానొస్తే పాఠం వినబడేది కాదు. ముసలాయన కాలు నయమయ్యాక అక్కడికే తిరిగి వెళ్ళిపోయి, సర్కారు వేసిన షెడ్డులో ఉండేవారు. ఆగస్టులోనూ జనవరిలోనూ జెండాకి తప్పకుండా బడికి వచ్చేవారు. ముందు వరసలో నిలబడి సెల్యూట్ చేసి వెళ్ళిపోయేవారు. నాతో ఒక్క మాట మాట్లాడేవారు కాదు. నేనూ పలకరించడానికి సాహసించలేదు. క్షమించమని అడగడం ఆయనకి మరో బరువు పెట్టడమే అవుతుందని నాకు అర్థమైంది.

నా ఆఖరి జనవరిలో ఆయన కర్ర పట్టుకుని వచ్చారు, మనిషి సగమయ్యారు. జెండా అయ్యాక వెళ్ళకుండా నిలబడి నన్ను పిలిచారు.

"టీచరమ్మా, లెక్క సరీగుందో లేదో సూడు. మా పిల్ల అరవై ఎనిమిదిలో, మార్చి నెలలో పుట్టింది. ఈ మార్చికెన్ని?"

"నలభై ఒకటి, మామయ్యగారూ."

"నాకూ అదే ఒచ్చింది. ఏటేటా కూడుతన్నాను. ముప్పై ఆరు కాడ ఆపమంతారు అందరూ, నాకాపబుద్ధి కాదు." కర్ర మీద బరువు మార్చుకున్నారు. "నాను పోయేక కూడడానికి ఎవులూ లేరు. అల్లుడు లెక్క మర్సిపోతాడు. నువ్వు కూడు."

సరేనన్నాను. ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. పోయినవాళ్ళ వయసు పోయిన రోజునే ఆగిపోతుందని లోకమంతా అంటుంది, అలా అనుకుంటే బతికున్నవాళ్ళకి సుఖం. మా వదిన విషయంలో కాలాన్ని ఆగనివ్వకుండా చూసుకోవడం నాకు అప్పగించిన పని. దీన్ని మాత్రం నేను ఒక్క ఏడూ ఎగ్గొట్టలేదు. వచ్చే మార్చికి ఆవిడకి యాభై ఎనిమిది నిండుతాయి.